తేలిక చేయి
కోలుకునే దారి మూసుకుపోయిన రోగికి మర్దన ఎంత మేలు చేస్తుంది, ఎక్కడ ఆగాలి

ఉపశమన చికిత్సలో మర్దన జబ్బును నయం చేయదు. క్యాన్సర్, గుండె జబ్బు, మూత్రపిండాల వైఫల్యం, పక్షవాతం ముదిరిన దశలో నొప్పి, దిగులు, నిద్రలేమి కాస్త సడలేలా ఒంటి మీద మెల్లగా చేతులు నడిపే సేవ ఇది. మందులకు తోడు తప్ప మార్ఫిన్‌కు బదులు కాదు. తెలుగు ఇళ్లలో ఒళ్లు పట్టడం, కాళ్లొత్తడం, ఛత్తీస్‌గఢ్‌లోని భిలాయి వాడుకలో మాలిష్ దీనికి దగ్గరి చుట్టాలు. తేడా బలంలో ఉంది. గట్టిగా పిసికితే ఆరోగ్యవంతుడికి హాయి, మంచం పట్టిన మనిషికి గాయం.

ఉక్కునగరంలో ముదిమి

భిలాయి ఉక్కు కర్మాగారానికి 1955లో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరింది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి ఎందరో పనికోసం ఇక్కడికి చేరారు. 1931లో పూర్తయిన విజయనగరం–రాయపూర్ రైలు మార్గమే వారి దారి. అప్పుడు ఇరవయ్యేళ్ల కుర్రవాళ్లు ఇప్పుడు ఎనభై దాటారు. పిల్లలు వేరే ఊళ్లలో స్థిరపడిన ఇళ్లలో ముసలి భర్తకు ముసలి భార్యే నర్సు. అందుకే ఇక్కడ మర్దన గురించి ముందు తెలుసుకోవలసింది ఇంటి మనిషి.

చర్మం చేసే పని

నొప్పి కబురు వెన్నుపాము దగ్గర ఒక ద్వారం దాటి మెదడుకు చేరుతుందని, స్పర్శ ఆ ద్వారాన్ని కొంత మూయగలదని 1965లో రొనాల్డ్ మెల్జాక్, పాట్రిక్ వాల్ ప్రతిపాదించారు. దెబ్బ తగిలినచోట చేత్తో రుద్దుకోవడం వెనక ఉన్నది ఇదే. రోమాలున్న చర్మంలో నెమ్మదైన నిమురుడుకే బాగా స్పందించే సన్నని నాడులూ ఉన్నాయి. చేయి సెకనుకు సుమారు 3 సెంటీమీటర్ల వేగంతో కదిలితే అవి ఎక్కువగా మేల్కొంటాయి. మోచేతి నుంచి మణికట్టు దాకా రావడానికి ఎనిమిది సెకన్లు పడుతుందన్నమాట. తొందరపడే చేతికి ఈ ఫలితం అందదు.

న్యూయార్క్‌లోని మెమోరియల్ స్లోన్ కెటరింగ్ క్యాన్సర్ కేంద్రం 1,290 మంది రోగుల వివరాలను 2004లో ప్రకటించింది. మర్దన తర్వాత నొప్పి, అలసట, ఆందోళన వంటి బాధల తీవ్రత సుమారు సగానికి తగ్గింది. అయితే పోల్చడానికి మర్దన లేని బృందం అందులో లేదు. ఆ లోటును 2008లో వెలువడిన మరో అమెరికన్ అధ్యయనం తీర్చింది. ముదిరిన క్యాన్సర్ ఉన్న 380 మందిని చీటీ వేసినట్టు రెండు బృందాలు చేశారు. ఒక బృందానికి మర్దన, రెండోదానికి శిక్షణ లేనివారు ఊరికే చేతులు ఆనించి ఉంచడం. రెండు వారాల్లో ఆరు విడతలు, విడతకు అరగంట. ఆ పూట నొప్పి తగ్గించడంలో మర్దనది పైచేయి. వారాలు గడిచాక చూస్తే రెండింటి మధ్య తేడా నిలవలేదు. అంటే ఇది దాచుకోదగ్గ ఫలం కాదు, ఏ పూటకాపూట దక్కే ఊరట.

చేసే తీరు

ముందు రోగిని అడగాలి. మాట రాకపోతే ముఖం చూడాలి. నుదురు ముడిపడితే ఆపాలి. చేతులు కడిగి, గోళ్లు తీసి, అరచేతులు వేడెక్కించుకోవాలి. రోగిని వెల్లకిలా తిప్పే పని లేదు, పక్కకు ఒరిగి ఉన్నా చాలు. అరచేతులు, పాదాలు, భుజాలు, తల తేలికగా అందుతాయి. ఒత్తిడి నూనె రాసేంతే ఉండాలి. పది నిమిషాలతో మొదలుపెట్టాలి. ఉత్తరాది ఇళ్లలో వాడే ఆవనూనె పలచబడ్డ చర్మాన్ని మండించవచ్చు. పడేవారికి కొబ్బరినూనె, నువ్వుల నూనె మేలు.

చేయి పెట్టకూడని చోట్లు

ఒక కాలు మాత్రమే వాచి, వేడిగా, నొప్పిగా ఉంటే లోపల రక్తం గడ్డకట్టి ఉండవచ్చు. తాకకుండా డాక్టరుకు చెప్పాలి. క్యాన్సర్ ఎముకలకు పాకితే నొక్కుడుకు ఎముక విరగవచ్చు. ప్లేట్‌లెట్లు తగ్గినా, రక్తం పలచబరిచే మందులు వాడుతున్నా చిన్న ఒత్తిడికే చర్మం కములుతుంది. కణితి, రేడియేషన్ తగిలిన చర్మం, పుండ్లు, గొట్టాలున్న చోట్లు వదిలేయాలి. పిరుదులు, మడమల దగ్గర చర్మం ఎర్రబడితే రుద్దకూడదు. అది పడక పుండుకు తొలి గుర్తు. అక్కడ కావలసింది మర్దన కాదు, పక్క మార్చడం.

ఎవరిని అడగాలి

మన దేశంలో తొలి హాస్పిస్ (చివరి దశ రోగుల సేవాకేంద్రం) శాంతి అవేదన సదన్ 1986లో ముంబయిలో మొదలైంది. హైదరాబాద్‌లో బంజారాహిల్స్ రోటరీ క్లబ్ 2011లో నెలకొల్పిన ఉచిత హాస్పిస్ పేరే ‘స్పర్శ్’. భిలాయివాసులకు సెక్టర్ 9లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆసుపత్రి చేరువ. నవా రాయపూర్‌లో 2018 నుంచి బాల్కో మెడికల్ సెంటర్ క్యాన్సర్ చికిత్స అందిస్తోంది. రోగిని చూస్తున్న డాక్టరును మూడు మాటలు అడిగితే చాలు: ఎక్కడ తాకవచ్చు, ఎంత బలంతో, ఎక్కడ తాకకూడదు?

చివరి రోజుల్లో నిమరడం కూడా కొందరికి బరువవుతుంది. అప్పుడు చేతిలో చేయి కదల్చకుండా ఉంచాలి. 2008 అధ్యయనంలో రెండో బృందం పొందింది ఆ స్పర్శనే. వారికీ ఆ పూట నొప్పి కొంత తగ్గింది.