వార్తల్లో పదం: సెమీకండక్టర్ ఫ్యాబ్

సిలికాన్ వేఫర్లనే పలుచని బిళ్లలపై సూక్ష్మ సర్క్యూట్లు ముద్రించి చిప్‌లు తయారుచేసే కర్మాగారమే ఫ్యాబ్. 2021 డిసెంబరులో కేంద్రం రూ.76,000 కోట్లతో సెమీకండక్టర్ కార్యక్రమాన్ని ఆమోదించింది.

ఈ రంగంలోకి విదేశీ పెట్టుబడులు రప్పించడం తేలిక కాదు. ఫ్యాబ్‌కు వేల కోట్లు కావాలి. ఉత్పత్తి మొదలవడానికే ఏళ్లు పడుతుంది. కరెంటు క్షణకాలం ఆగినా తయారీలో ఉన్న వేఫర్లు పాడవుతాయి. వాటిని కడగడానికి లవణాలు, ధూళికణాలు లేని అతిశుద్ధ జలం రోజూ లక్షల లీటర్లు కావాలి. యంత్రాలు, ప్రత్యేక వాయువులు, రసాయనాలు ఎక్కువగా దిగుమతి చేసుకోవాల్సినవే.

అన్నిటికన్నా కష్టం సాంకేతికతను సంపాదించడం. గుజరాత్‌లో ఫ్యాబ్ పెట్టేందుకు 2022లో భారతీయ సంస్థ వేదాంతతో జతకట్టిన తైవాన్ సంస్థ ఫాక్స్‌కాన్, 2023 జులైలో తప్పుకొంది. అప్పటికీ ఆ ప్రాజెక్టుకు సాంకేతిక భాగస్వామి ఖరారు కాలేదు. టాటా ఎలక్ట్రానిక్స్ తైవాన్ సంస్థ పీఎస్‌ఎంసీ సాంకేతికతతో అదే రాష్ట్రంలోని ధోలేరాలో తలపెట్టిన రూ.91,000 కోట్ల ఫ్యాబ్‌కు 2024 ఫిబ్రవరిలో ఆమోదం లభించింది.

గుజరాత్‌లోనే సాణంద్‌లో ఉన్న అమెరికా సంస్థ మైక్రాన్ కేంద్రం, 2025 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్‌కు మంజూరైన యూనిట్ ఫ్యాబ్‌లు కావు. అవి తయారైన చిప్‌లను పరీక్షించి, రక్షణ తొడుగుల్లో అమర్చే ప్యాకేజింగ్ దశకు చెందినవి. పెట్టుబడి తక్కువ కాబట్టి ఇవి ముందుగా వస్తాయి. ఫ్యాబ్‌లు నిలదొక్కుకోవాలంటే రాయితీలతోపాటు నిపుణులు, స్థానిక సరఫరాదారులు, ప్రభుత్వాలు మారినా మారని విధానాలు తప్పనిసరి.