ఇంటి సర్వరు, బల్లమీది కంప్యూటరు

సర్వరు అను మాట విన్నంతనే పెద్ద కంపెనీల శీతలమందిరములు, వరుసలు తీర్చిన ఇనుప బీరువాలు, మిణుకుమిణుకుమను దీపములు చాలమందికి తలపునకు వచ్చును. మేమిక్కడ ముచ్చటింపబోవు సర్వరు అట్టిది కాదు. ఇంటిలో ఒక మూల, రౌటరు ప్రక్కన, రేయింబవళ్లు మెలకువగా నుండి, ఇంటిల్లిపాది ఫోటోలను, పాటలను, పత్రములను దాచి అడిగినవారికి అందించు చిన్న కంప్యూటరు అది. దానికి తెర అక్కరలేదు, కీబోర్డు అక్కరలేదు. మనము పనిచేయు కంప్యూటరు బల్లమీద నుండును. పని ముగియగనే నిద్రించును. సర్వరు నిద్రింపరాదు. ఈ ఒక్క భేదమునుండియే తక్కిన భేదములన్నియు పుట్టుచున్నవి.

ఇట్టి యంత్రము ప్రతి యింటికిని అవసరమా? కాదనియే మా అభిప్రాయము. ఉన్న ఫోటోలన్నియు ఒక్క ఫోనులో పట్టు కుటుంబమునకు ఒక బయటి డిస్కును, నెలకొకమారు దానిలోనికి నకలు తీసికొను అలవాటును చాలును. కాని తలకొక ఫోను, పిల్లల చదువు కాగితములు, భూమి దస్తావేజుల ప్రతులు, పాత క్యాసెట్లనుండి ఎక్కించిన శబ్దములు నాలుగు చోట్ల చెల్లాచెదరై యున్న యింట సర్వరు ఎంతయో అక్కరకు వచ్చును.

క్యాసెట్ల మాట వచ్చినది గనుక దానిని కొంచెము విపులముగా చెప్పుదుము. రేడియో వినుట అలవాటైన యిండ్లలో ఇవి ఇంకను చాలగలవు: రేడియోనుండి పట్టిన నాటకములు, పెండ్లి సన్నాయి, అమ్మమ్మ చెప్పిన కథ, ఉత్తరమునకు బదులుగా దూరదేశమునుండి వచ్చిన పలుకులు. సముద్రతీరపు తేమకు ఆ టేపులకు బూజు పట్టుచున్నది. వానిని పాడించు యంత్రములు ఏటేట తగ్గిపోవుచున్నవి. కావున కంప్యూటరులోనికి ఎక్కించుట తొందరపడవలసిన పనియే. శబ్దమును సెకనునకు 44,100 మారులు కొలిచి, ఒక్కొక్క కొలతను రెండు బైట్లలో వ్రాసి, కుడి యెడమలకు వేరువేరుగా ఉంచినచో సెకనునకు 1,76,400 బైట్లగును. గంటకు దాదాపు 635 మెగాబైట్లు. నూరు గంటల క్యాసెట్లు 64 గిగాబైట్లలో ఇమిడిపోవును. నేటి డిస్కునకు అది యొక మూల మాత్రమే. 1956లో ఐ.బి.ఎం. వారు వెలువరించిన తొలి డిస్కు యంత్రమునకు రెండడుగుల వ్యాసముగల పళ్లెములు ఏబది యుండెడివి. అది దాచగలిగినది ఏబది లక్షల అక్షరములు. మన లెక్క ప్రకారము దానిలో అర నిమిషము పాటయైనను పట్టదు. పల్లవి ముగియకమునుపే నిండిపోవును.

అయితే ఇచ్చట ఒక చిక్కు గలదు. క్యాసెట్టు మెల్లగా పాడగును. గరగర వినవచ్చును, ధ్వని మందగించును, మనకు హెచ్చరిక కలుగును. డిస్కు అట్లు కాదు. నిన్నటివరకు చక్కగా తిరిగి నేడు తెల్లవారునప్పటికి నిలిచిపోవచ్చును. టేపును ఎక్కించితిమి గదా యని క్యాసెట్టును పారవైచి, ఒక్క డిస్కునే నమ్ముకొన్నవారు అమ్మమ్మ గొంతును మునుపటికంటె భద్రముచేసినవారు కారు.

దీనికి పలువురు చేయు ఉపాయము జంట డిస్కులు. రెండు డిస్కులను కట్టి, ప్రతి అక్షరమును రెండింటను ఒకేసారి వ్రాయించెదరు. 1988లో కాలిఫోర్నియాలోని బర్క్లీ విశ్వవిద్యాలయమునకు చెందిన పాటర్సన్, గిబ్సన్, కాట్జ్ అను మువ్వురు, చవకయైన చిన్న డిస్కులను గుంపుగా చేర్చినచో ఖరీదైన పెద్ద డిస్కునకు దీటుగా పనిచేయించవచ్చునని ఒక వ్యాసములో నిరూపించిరి. రెయిడ్ అను పేరు అప్పుడు పుట్టినదే. జంటలో ఒకటి చెడినను రెండవది పని నడుపును, నిజమే. కాని పొరపాటున ఒక ఫోటోల పెట్టెను చెరిపితిమేని అది రెండింటను ఒక్క క్షణముననే చెరిగిపోవును. పిడుగు పడినను, దొంగ యెత్తుకొనిపోయినను జంట జంటగానే పోవును. యంత్రము ఆగకుండుటకు రెయిడ్ పనికివచ్చునే గాని, పోయినదానిని తిరిగి తెచ్చుటకు పనికిరాదు. ఈ భేదము తెలియక నష్టపోయినవారు అనేకులు.

ఇందులకు పెద్ద సంస్థలును మినహాయింపు కావు. 1998లో పిక్సార్ సంస్థవారు టాయ్ స్టోరీ చిత్రమునకు రెండవ భాగమును తీయుచుండగా ఎవరో ఇచ్చిన ఒక చెరపు ఆజ్ఞ తప్పు చోట పనిచేసి, చిత్రములో అధికభాగమును తుడిచివేయసాగినది. పాత్రలు ఒకటొకటిగా మాయమగుచుండగా చూచినవారు యంత్రము తీగను లాగివేసిరి. నకళ్లున్నవి గదా యని టేపులను తీసి చూడగా అవి కొంతకాలముగా సరిగా వ్రాయబడుటయే లేదని తేలినది. అప్పుడు ఆ చిత్రమునకు సాంకేతిక పర్యవేక్షకురాలైన గాలిన్ సుస్మన్, బిడ్డ పుట్టినందున తాను ఇంటివద్దనే పని చేసికొనుచు, చిత్రపు ప్రతిని తన యింటి కంప్యూటరులో నుంచుకొన్నట్లు గుర్తుచేసిరి. ఆ యంత్రమును దుప్పట్లలో చుట్టి, కారులో పసిబిడ్డను తెచ్చినట్లు తెచ్చిరట. చిత్రము బయటపడినది. తరువాత కథ నచ్చక దానిని చాలవరకు మరల తీసినారన్నది వేరు సంగతి.

2017 జనవరి 31వ తేదీ రాత్రి గిట్‌ల్యాబ్ అను సంస్థలో జరిగినది ఇంకను చిత్రము. ఒక ఇంజనీరు రెండు సర్వర్లలో దేనిని తుడువవలెనో దానిని గాక, పనిచేయుచున్న దానిని తుడిచెను. ఒకటి రెండు క్షణములలోనే తెలిసికొని ఆపెను గాని, 300 గిగాబైట్లలో 4.5 మాత్రమే మిగిలినవి. నకలు తీయు ఏర్పాట్లు ఒకటి కాదు, పలువిధములుగా నుండెను. అక్కరపడిన వేళ వానిలో ఒక్కటియు అనుకొన్నట్లు అందిరాలేదు. ఒకదానిలో ప్రోగ్రాముల వయస్సులు పొసగక నకలు ఖాళీగా వచ్చుచుండెను. తప్పును తెలుపు ఈమెయిలులు ఎవరికిని చేరుట లేదు. ఆరు గంటల ముందు వేరొక పనికై చేతితో తీసిన ప్రతి ఒకటి యాదృచ్ఛికముగా ఉండుటచేత ఆ ఆరు గంటల సమాచారముతో నష్టము ఆగెను. ఆ సంస్థవారు ఈ వృత్తాంతమును దాచక తామే ప్రకటించుట మెచ్చదగినది.

ఈ కథలనుండి ఇంటివారు తీసికొనవలసినది స్పష్టము. ముఖ్యమైన దేనికైనను మూడు ప్రతులు కావలెను. అవి రెండు తీరుల సాధనములలో నుండవలెను. ఒకటి ఇంటి బయట నుండవలెను. సర్వరులోనిది మొదటిది. వారమున కొకసారి తగిలించి, నకలు కాగానే తీసి బీరువాలో పెట్టు డిస్కు రెండవది. తీసి పెట్టుట ముఖ్యము. ఎప్పుడును తగిలించియే యుంచినచో మెరుపు గాని వైరసు గాని దానినికూడ తాకును. మూడవది పొరుగూరిలోని అన్నగారి యింటనో, అద్దె ఇచ్చి వాడుకొను సంస్థల నిల్వలోనో ఉండవచ్చును. ఇక ఉగాదికి ఒకసారి, దీపావళికి ఒకసారి ఆ ప్రతులలోనుండి ఏదో యొక ఫోటోను, ఏదో యొక పాటను బయటకు తీసి తెరచి చూడవలెను. తెరచి చూడని నకలు ఉన్నదో లేదో ఎవరికిని తెలియదు.

డిస్కులో వ్రాసిన అక్షరము మనము చూడకుండనే మారిపోవు సందర్భములును గలవు. దీనిని కనిపెట్టుటకు సన్ మైక్రోసిస్టమ్స్ వారు 2005లో విడుదల చేసిన జడ్.ఎఫ్.ఎస్. అను నిల్వ పద్ధతి మంచిది. మన యిండ్లలో చాకలి పద్దు ఉండెడిది గదా: బట్టలు వేయునప్పుడు లెక్క వ్రాసికొని, తెచ్చినప్పుడు సరిచూచుట. ఇదియు నట్లే. ప్రతి తునకతోను దాని లెక్కను వేరుగా వ్రాసి యుంచి, చదువునప్పుడెల్ల సరిచూచును. లెక్క తప్పినచో జంటలోని రెండవ ప్రతినుండి తెచ్చి దిద్దును. నెలకొకమారు అన్నిటిని ఒక్కపెట్టున సరిచూడుమని ఆజ్ఞ యిచ్చి యుంచుట మేలు.

కరెంటు సంగతి. 60 వాట్లు తీసికొను యంత్రము ముప్పది రోజులు ఆగక నడచినచో 43 యూనిట్లకు పైబడును. 10 వాట్లతో నడచు చిన్నది ఏడు యూనిట్లతో సరిపెట్టుకొనును. పాత కంప్యూటరు ఉచితమే గదా యని సర్వరుగా పెట్టువారు ఈ లెక్క వేసికొనవలెను. ఇంటి ఇన్వర్టరు వెనుక యు.పి.ఎస్. అని వ్రాసియున్న మీట యొకటి చాలవానిలో నుండును. అది రెండవ వైపునకు ఉన్నచో కరెంటు మారు లిప్తలోనే ఫ్యాను తిరుగుచునే యుండును గాని కంప్యూటరు ఆగి మరల మొదలగును. సర్వరునకు వేరుగా చిన్న యు.పి.ఎస్. పెట్టి, దానినుండి ఒక యు.ఎస్.బి. తీగను సర్వరునకు కలిపినచో బ్యాటరీ అడుగంటు వేళకు సర్వరు తనంత తాను పనులు ముగించుకొని మూతపడును. ఆ బ్యాటరీ మూడు నాలుగేండ్లకు మార్పవలసియుండును. వేసవిలో అటకమీద గాని, తలుపు మూసిన అలమారులో గాని సర్వరు నుంచరాదు. దుమ్మును గాలితో ఊదునప్పుడు ఫ్యాను రెక్కను వ్రేలితో పట్టి యుంచవలెను. లేనిచో అది మితిమీరి తిరిగి చెడును.

ఇక బల్లమీది కంప్యూటరు. అది నెమ్మదించినదని దుకాణమునకు పరుగెత్తుటకు ముందు ఏ అంగము అలసినదో చూడవలెను. పళ్లెములు తిరుగు డిస్కుతో పనిచేయుచున్న యంత్రమునకు ఎస్.ఎస్.డి. వేసినచో కలుగు మార్పు మరి దేనివలనను కలుగదు. పది పనులు తెరచినప్పుడే నిలిచిపోవుచున్నచో లోపము మెమరీది. మెమరీలలో డి.డి.ఆర్. 4, డి.డి.ఆర్. 5 అను తరగతులు వేరు. ఒకదాని గాడి మరియొకదానికి సరిపడదు. 2025 చివర మెమరీ ధరలు మిక్కిలి పెరిగినవి. కృత్రిమ మేధకై కట్టు మహాభవనములు సరకునంతయు మ్రింగుటయే కారణము. కావున ఉన్న మెమరీతోనే సాగు మార్పు ఏదైన నున్నచో ముందు దానిని చూచుట తెలివి.

ప్రాసెసరు మార్చుటకు మదర్‌బోర్డు మీది గూడు అనుకూలింపవలెను. ఎ.ఎం.డి. వారి ఎ.ఎం.4 గూడుగల 2017 నాటి బోర్డులు కొన్నిటిలో 2022 నాటి ప్రాసెసరును కూడ నిలుపగలిగిరి. అందరును అంత ఉదారులు కారు. బోర్డులోని మూల ప్రోగ్రామును పాత ప్రాసెసరు ఉండగనే నవీకరింపవలెను. అది తీసిన పిమ్మట చాల బోర్డులలో ఆ దారి మూసికొనిపోవును. పవర్ సప్లయి విషయమున పిసినారితనము వలదు. దానిని మార్చినప్పుడు దాని తీగలనుకూడ మార్పవలెను. ఒక కంపెనీ పెట్టెకు మరియొక కంపెనీ తీగ చక్కగా దూరును. కాని లోపలి వరుస వేరగుటచే ఐదు వోల్టులు పోవలసినచోట పండ్రెండు పోయి డిస్కులన్నియు ఒక్కసారిగా కాలిపోవచ్చును.

విండోస్ 10కి సాధారణ రక్షణ 2025 అక్టోబరు 14తో ముగిసినది. విండోస్ 11 అడుగు అర్హతలు లేక ప్రక్కన పెట్టబడిన గట్టి యంత్రములు ఎన్నియో యున్నవి. అట్టివానిలో లైనక్సును ఎక్కించి సర్వరుగా నిలుపుట మాకు నచ్చిన మార్గము. కరెంటు లెక్క ఒప్పుకొనినచో మాత్రమే. పాత డిస్కును మాత్రము దానితోపాటు నమ్మరాదు.

డాలస్‌లోని కుమారుడు విజయవాడలోని సర్వరును చూడగోరును. అందుకై సర్వరు వాకిలిని లోకమునకంతయు తెరువరాదు. 2017 మే నెలలో వాన్నక్రై అను వైరసు ఫైళ్లను పంచుకొను దారినే దేశదేశములలో వ్యాపించెను. దానికి విరుగుడు మార్చిలోనే వచ్చినను వేసికొననివారే బాధపడిరి. వైర్‌గార్డ్ అను రహస్యమార్గము 2020లోనే లైనక్సులో చేరినది. తాళపుచెవి యున్న ఫోను మాత్రమే లోనికి రాగలదు.

తాళపుచెవులను గూర్చి కడపట ఒక సంగతి. ఇంటి సర్వరును నడుపువారు సాధారణముగా ఒక్కరే యుందురు. వారు ఆసుపత్రిలో నున్నను, లేకపోయినను, ఇంటివారి ఫోటోలన్నియు పాస్‌వర్డు వెనుక నిలిచిపోవును. డిస్కును గూఢలిపిలో నుంచినచో తాళము తెలియనిదే ఏ మెకానిక్కును తెరువలేడు. కావున ఆ పాస్‌వర్డులను ఒక నోటు పుస్తకములో, తేటతెలుగులో వ్రాసి, దస్తావేజుల ప్రక్కన పెట్టవలెను: ఏ మీట నొక్కిన యంత్రము ఆగును, నకలు డిస్కు ఏది, మూడవ ప్రతి ఎవరి యింట నున్నది. వ్రాసిన పిమ్మట ఆ పుస్తకమును ఇంటిలో మరియొకరి చేతికిచ్చి, తాము నోరు మెదపక, సర్వరును ఆపి మరల నడిపింపుమనవలెను. వారు ఎక్కడ ఆగి మన ముఖము చూతురో అక్కడ మరియొక వాక్యము చేర్పవలసి యున్నది.