రక్తాన్ని కొలిచే సంచి

కాన్పు అయింది. బిడ్డ కేరుమంది. అందరి చూపూ బిడ్డ మీదే. అటు తల్లికి రక్తం పోతూనే ఉంది. ఎంత పోయింది?

కాన్పులో కొంత రక్తం పోవడం మామూలే. బిడ్డ పుట్టాక గర్భసంచి పిడికిలిలా బిగుసుకోవాలి. బిగుసుకోకపోతే రక్తం ధార కడుతుంది. అది గుడ్డల్లో ఇంకుతుంది, నేల మీదికి కారుతుంది. నర్సమ్మ కంటితో చూసి అంచనా వేస్తుంది. ఎంత అనుభవం ఉన్నా ఈ అంచనా చాలాసార్లు తప్పుతుంది. ఈలోగా తల్లి ఒళ్ళు చల్లబడుతుంది. ప్రపంచంలో కాన్పుల వల్ల తల్లులు చనిపోవడానికి పెద్ద కారణం ఇదే.

పాలు కొలిచి పోయించుకుంటాం. బియ్యం కొలిచి తెచ్చుకుంటాం. మరి రక్తాన్ని కొలిస్తే?

ఆఫ్రికా ఖండంలో కెన్యా, నైజీరియా, టాంజానియా, దక్షిణాఫ్రికా దేశాల్లో ఈ పని చేసి చూశారు. 80 ఆసుపత్రులు, 2 లక్షల 10 వేలకు పైగా కాన్పులు. అన్నీ ఆపరేషన్ లేని కాన్పులే. కొన్ని ఆసుపత్రుల్లో పాత పద్ధతే ఉంచారు. కొన్నిట్లో కొత్తది పెట్టారు.

కొత్త పద్ధతిలో బిడ్డ పుట్టగానే తల్లి నడుము కింద ప్లాస్టిక్ షీటు పరుస్తారు. దాని చివర గరాటు లాంటి సంచి ఉంటుంది. రక్తం అందులోకి దిగుతుంది. సంచి మీద గీతలు, అంకెలు ఉంటాయి. రక్తం 500 మిల్లీలీటర్ల గీతను, అంటే అర లీటరును తాకితే ఇక ఆగేది లేదు.

ఇదివరకు ఒక మందు ఇచ్చి, తగ్గిందా లేదా అని చూసి, తర్వాత ఇంకొకటి ఇచ్చేవారు. ఇప్పుడు అన్నీ వెంటవెంటనే చేస్తారు. పొట్ట మీద నుంచి గర్భసంచిని మర్దన చేస్తారు. అది బిగుసుకునే మందు ఇస్తారు. సెలైను పెడతారు. ట్రనెక్సామిక్ ఆసిడ్ అనే సూది మందు ఎక్కిస్తారు. పేరులో ఆసిడ్ ఉందని భయపడనక్కరలేదు. కట్టిన రక్తపు గడ్డ కరిగిపోకుండా చూసే మందు అది. రక్తం ఎక్కడినుంచి వస్తోందో కూడా పరీక్షిస్తారు. ఈ సామానంతా ముందే ఒక పెట్టెలో సర్ది ఉంచారు. సంచి రక్తాన్ని ఆపదు కదా! గీత చూసిన నర్సమ్మ చేతికి మందు అందాలి.

2023లో ఫలితాలు వచ్చాయి. పాత పద్ధతిలో రక్తం ఎక్కువగా పోయిన ప్రతి 100 మందిలో 51 మందినే గుర్తించారు. సంచితో 93 మందిని గుర్తించారు. లీటరు రక్తం పోయి, లేదా ఆపరేషన్ దాకా వెళ్ళి ప్రాణం మీదికి వచ్చినవారు వెయ్యికి 43 మంది ఉండేవారు. కొత్త పద్ధతిలో 16 మందే.

ఇలాంటి సంచిని అంతకుముందే మన పక్క రాష్ట్రం కర్ణాటకలో వాడారు. బెల్గాం జిల్లా పల్లెల్లో ఒక మందును పరీక్షించేటప్పుడు నర్సమ్మలు దీనితోనే రక్తం కొలిచారు. ఆ ఫలితాలు 2006లో వచ్చాయి.

2025లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇంకో మాట చెప్పింది. తల్లి నాడి మరీ వేగంగా కొట్టుకున్నా, రక్తపోటు పడిపోయినా 500 గీత దాకా ఆగొద్దు, 300 దగ్గరే వైద్యం మొదలుపెట్టండి అంది.