క్రైస్తవకీర్తనము - పాటల ఆల్బము

ఆల్బమను పదమునకు లాటినుభాషలో 'తెల్లనిది' అని అర్థము. పూర్వము రోమునగరమున ప్రజలకు తెలుపవలసిన ప్రకటనలను తెల్లని పూత పూసిన పలకపై వ్రాయుచుండిరి. ఆ పలకకే ఆల్బమని పేరు. పిమ్మట ఖాళీపుటల పుస్తకమునకును, ధ్వనిముద్రణము వెలసిన తరువాత గ్రామఫోను పలకలను సంచులలో నుంచి కుట్టిన అట్టపుస్తకమునకును ఆ పేరు సంక్రమించెను. నేడు పుస్తకము పోయి పేరు మాత్రము నిలిచినది. ఒక గాయకుని కంఠమున ఒక్కమాఱుగా వెలువడు కొన్ని పాటల కూర్పునకు ఆల్బమని వ్యవహారము. తెలుగు క్రైస్తవగీతము కీర్తనల పుస్తకమునుండి ఈ కూర్పులోనికి వచ్చినపుడు సాహిత్యమున నేమి మాఱినది, ఏమి నిలిచినది, ఏమి పోవుచున్నది అనునది విచారింపదగిన విషయము.

తెలుగు క్రైస్తవకీర్తనకారులలో అగ్రగణ్యుడు పురుషోత్తమ చౌదరి (1803-1890). ఆయన పర్లాకిమిడి ప్రాంతమున బ్రాహ్మణకుటుంబమున జన్మించి పిమ్మట క్రైస్తవుడయ్యెను. 'ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు' అను సంకలనమున ఆయన రచనలు పెక్కు కలవు. అందలి కీర్తనములపై రాగతాళముల పేర్లు కానవచ్చును. పాశ్చాత్యుల స్తోత్రగీతమున సామాన్యముగా ఒకే వరుస చరణమునకు చరణము తిరిగి వచ్చును. తెలుగు కీర్తనమున పల్లవియే మఱల మఱల వచ్చి చరణముల నన్నిటిని ఒక భావమునకు కట్టివేయును. ఆంగ్లగీతములను పాశ్చాత్యపు వరుసలోనే తెలిగించినపుడు హ్రస్వాక్షరము దీర్ఘస్వరమునకును, దీర్ఘాక్షరము హ్రస్వస్వరమునకును చిక్కి మాట చెదరుట కలదు. మాత్రాగణనమెఱిగిన కీర్తనకారునికి ఈ చిక్కు లేదు. కావున భక్తికీర్తనసంప్రదాయమును చౌదరి వంటివారు చేపట్టుట కేవలము అలంకారము గాదు. భాషాస్వభావము కోరిన మార్గమది.

1912 డిసెంబరు 29న భారతీయులలో ప్రథముడైన ఆంగ్లికను బిషప్పుగా అభిషిక్తుడైన వి. ఎస్. అజరయ్య దోర్నకల్లు కేంద్రముగా పనిచేయుచు, చదువెఱుగని గ్రామజనులకు దేశీయమైన పాటయే బోధసాధనమని ప్రోత్సహించెను. ఆ కాలమున పాట సమాజమునకు చెందినది. ఒకరు ఎత్తుకొనగా తక్కినవారందఱు అందుకొందురు. అందఱి గొంతున కందని స్థాయి దానికి తగదు.

ధ్వనిముద్రణము ఈ స్థితిని మార్చినది. నిమిషమునకు 78 మాఱులు తిరుగు పది అంగుళముల పలకపై ఒక వైపున ఇంచుమించు మూడు నిమిషముల పాట మాత్రమే పట్టును. పెక్కు చరణముల కీర్తనమునకు అందు చోటు లేదు. 1948లో దీర్ఘకాలము మ్రోగు పలకయు, 1963లో ఫిలిప్సు సంస్థవారి క్యాసెట్టును వెలువడినవి. క్యాసెట్టు చౌకయై, చేతిలో ఇముడునదియై, ఇంటనే ప్రతులు తీయుటకు వీలిచ్చెను. అయినను మూడు నాలుగు నిమిషముల కొలత నుండి పాట దూరముగా పోలేదు. పల్లవి, రెండు మూడు చరణములు, నడుమ వాద్యగోష్ఠి అనునదే తఱచు కానవచ్చు రూపము. అనుపల్లవి అరుదయ్యెను, పాటపై రాగనామము వ్రాయు ఆచారము సడలినది.

గాయకుని స్థానము కూడ మాఱినది. 1978లో విడుదలయైన 'కరుణామయుడు' చలనచిత్రమునకు మోదుకూరి జాన్సన్ రచించిన సిలువయాత్రాగీతమును ఎస్. పి. బాలసుబ్రహ్మణ్యము (1946-2020) పాడెను. ఆయన తండ్రి సాంబమూర్తి హరికథకుడు. హరికథాగానము విని పెరిగిన కంఠమున సిలువకథ పలుకుటలో వింత యేమియు లేదు. పురుషోత్తమ చౌదరి చేసినదియు ఈ సంగమమే, దిక్కు మాత్రము వేఱు. మొదటివాడు మతము మారి సంప్రదాయమును తన వెంట తెచ్చుకొనెను. రెండవవాడు తన మతమున నిలిచి ఇతరుల భక్తికి గొంతిచ్చెను. కాని ఇట్టి పాటను విన్నవారిలో ఎందఱో గాయకుని పేరు చెప్పగలరు. రచయిత పేరు చెప్పగలవారు కొందఱే. కీర్తనల పుస్తకమున కర్తృనామము నిలిచియుండగా, ఆల్బమున గాయకనామము దానిని కప్పివేయును.

భాషలోని మార్పు మఱింత గమనింపదగినది. పాతకీర్తనములు సంస్కృతసమాసభూయిష్ఠములు, నేటి పాటలు వ్యవహారమునకు సమీపములు. 'యేసయ్య' అను సంబోధన ఇందుకు నిదర్శనము. రామయ్య, మల్లయ్య అనునట్లు 'అయ్య' శబ్దము చేరినంతనే పరదేశనామము ఇంటిపెద్ద పేరువలె వినబడును. గౌరవము, చనువు రెండును అందు కలవు. దైవమును 'నీవు' అని ఏకవచనమున పిలుచుట తెలుగు భక్తులందఱకు సామాన్యమే. 'అయ్య' చేరుటచేత ఆ ఏకవచనము మఱింత మెత్తబడినది. ఇది వ్యాకరణమున చిన్న ప్రత్యయము. మతప్రచారచరిత్రమున చిన్నది కాదు.

ఆదిలాబాదు జిల్లాలోని ఇచ్చోడ ఈ విచారమునకు తగిన తావు. నిర్మలనుండి ఆదిలాబాదునకు పోవు జాతీయరహదారిపై నున్న ఈ ఊరి చుట్టుపట్ల తెలుగుతోపాటు గోండీ, కొలామీ, లంబాడీ, మరాఠీ, ఉర్దూ వినవచ్చును. కతోలికులలోని సీరోమలబారు శాఖవారు ఆదిలాబాదు పేర 1999లో ప్రత్యేకమేత్రాసనమును స్థాపించిరి. తెలుగు తల్లిభాష కాని శ్రోతకు పాతకీర్తనపు సమాసము కొఱుకుడు పడదు. పునరుక్తిగల పల్లవి, పరిచితమైన క్రియ, 'యేసయ్య' వంటి పిలుపు సులభముగా పట్టుపడును. కావున ఆల్బముపాటల సరళతను పండితులు కేవలము దోషముగా ఎంచరాదు. అదియే ప్రాంతమున గోండుల వంశచరిత్రలను ప్రధానులను గాయకులు కిక్రీవాద్యముతో పాడుదురు. వారి పాట తరతరములుగా వచ్చినది. అందు గాయకుడే కథకు సాక్షి, కర్త ఎవడని అడుగు ఆచారము లేదు. ఆల్బము కూడ కర్తను మఱపించును. భేద మేమనగా, ప్రధానుని గానమునకు వినిపింపవలసిన కులము, నేర్పవలసిన కుమారుడు కలరు. క్యాసెట్టునకు అట్టి వారసుడు లేడు.

నష్టము ఇచ్చటనే కలదు. అయస్కాంతపు పూత కాలక్రమమున చెడిపోవును. అట్టపెట్టె చినిగినచో రచయిత పేరును దానితోనే పోవును. నేడు పాటలు అంతర్జాలమున ఒక్కొక్కటిగా వెలువడుటచే ఆల్బమను కూర్పే సడలుచున్నది. మఱియొకరు పాడినపుడు మాటలు మారును. ఏది మూలపాఠమో నిర్ణయించుటకు ఆధారముండదు. తాళ్లపాక అన్నమాచార్యుల సంకీర్తనములు రాగిరేకులపై చెక్కబడియుండుటచేతనే శతాబ్దముల పిమ్మట లోకమునకు మఱల దక్కినవి. గానము ఎంత మధురమైనను వ్రాత లేనిదే పాఠము నిలువదని ఆ రేకులు బోధించుచున్నవి.

కావున ప్రత్యాల్బమునకు రచయిత, స్వరకర్త, గాయకుడు, సంవత్సరము, పాటల పూర్తిపాఠము, తెలిసినచో రాగతాళములు, పాఠాంతరములు అను వివరములు వ్రాసి ఉంచుట అవసరము. గ్రామములలో ఇప్పటికిని పాతకీర్తనములను అనుపల్లవితో పాడగల వృద్ధులు కానవచ్చిన యెడల వారి వరుసను ముందుగా నమోదు చేయవలెను. పాఠశాలాపండితులకు ఇది అసాధ్యమైన పని గాదు. విద్యార్థుల యిండ్లలోని పాత క్యాసెట్టు పెట్టెలే మొదటి ఆధారములు. నూఱేండ్లు గడచిన పిమ్మటను చౌదరి పేరు చెప్పగలుగుటకు కారణము ఆయన గాత్రము గాదు, పుస్తకము. నేటి పాటకర్తకు ఆ భాగ్యము కలుగునా లేదా అనునది నేడు వ్రాసి ఉంచువారిపై ఆధారపడి యున్నది.