బిడ్డల క్షేమము – పదిమంది చేతులు



పదిమంది చేతిలో పాము చావదని మన పెద్దలు చెప్పుదురు. అందఱి చేతులలోను కఱ్ఱలుండును. కాని “మఱియొకరు కొట్టుదురులే” యని ప్రతివారును తలంతురు. పసిబిడ్డల పోషణ విషయమున ఈ సామెతను మఱువరాదని మా యభిప్రాయము.

మన దేశమున సమగ్ర శిశు అభివృద్ధి పథకము 1975వ సంవత్సరము అక్టోబరు 2వ తేదీన 33 బ్లాకులలో ప్రారంభమయ్యెను. అనుబంధాహారము, టీకాలు, వైద్యపరీక్ష, అవసరమైనచో ఆసుపత్రికి పంపుట, తల్లులకు ఆరోగ్యబోధ, బడికి ముందటి చదువు – ఈ యాఱును కలసి యందవలెనని దాని యుద్దేశము. ఏలయన, ఆకలియు రోగమును బిడ్డను వేర్వేఱుగా పీడింపవు. విరేచనములు పట్టిన బిడ్డకు తిన్నది ఒంటబట్టదు. చిక్కిపోయిన బిడ్డకు రోగములు త్వరగా సోకును. కావున నిది యొక్కరి వలన నగు పని కాదు.

నేడు మన యూళ్లలో అంగన్‌వాడీ కార్యకర్త బిడ్డను తూచును. ఆయా వండి పెట్టును. నర్సమ్మ టీకా వేయును. ఆశా కార్యకర్త ఇల్లిల్లు తిరిగి రానివారిని పిలుచును. పోలియో విషయమున ఇట్టి చేతులన్నియు కలసినందుననే 2011 జనవరి తరువాత మన దేశమున సహజ (వైల్డ్) పోలియో క్రిమి వలన ఆ వ్యాధి కనబడలేదు. 2014 మార్చిలో పోలియో లేని దేశముగా గుర్తింపును వచ్చెను.

అయితే చేతులెన్ని యున్నను, ఒకరి పని మఱియొకరి పనితో ముడిపడనిచో బిడ్డ నడుమ జాఱిపోవును. ఆఱు నెలలు మొదలు ఐదేండ్లలోపు బిడ్డకు దండచేతి చుట్టుకొలత 11.5 సెంటీమీటర్లకు తగ్గినచో తీవ్రమైన పోషణలోపమునకు గుర్తు. దానిని కొలుచుటకు చిన్నపట్టీ చాలును. కాని కొలిచి పుస్తకమున వ్రాసి యూరకున్న నేమి లాభము? ఆ సంగతి నర్సమ్మకు తెలియవలెను; ఆమె చూచి, అవసరమైనచో పోషకాహార పునరావాస కేంద్రమునకు పంపవలెను; బిడ్డ తిరిగి వచ్చిన పిదప మరల తూచువారుండవలెను. “ఈ బిడ్డ యీ నెల యేల రాలేదు?” అని విడువక యడుగునామెయే అక్కడ నిజమైన నాయకురాలు. నాయకత్వమనగా పెత్తనము కాదు. పూలదండలోని దారము వంటిది. దారము కంటికి కనబడదు; అది తెగిననాడు పూలన్నియు నేల రాలును.

ఇక మన యింటి మాట. బిడ్డతోకూడ తల్లి కొన్నిదినములు ఆ కేంద్రమున నుండవలసి వచ్చును. అప్పుడు ఇంట పెద్దబిడ్డ నెవరు చూతురు? పొయ్యి యెవరు రాజేయుదురు? ఈ ప్రశ్నలకు జవాబు లేనిచో, ఊరివారందఱు తమ పని చక్కగా చేసినను ప్రయాణము గడపయొద్దనే నిలిచిపోవును. “నీవు వెళ్లిరా అమ్మా, ఇల్లు నేను చూచుకొందును” అని అత్తగారనిన మాట వైద్యుని మందుకు తీసిపోదు. భర్త తోడువెళ్లుటయు, పొరుగామె పెద్దబిడ్డకింత అన్నము పెట్టుటయు నట్టివే.

కావున సోదరీమణులారా, బిడ్డలను తూచుదినమున మన బిడ్డతోపాటు పొరుగింటి బిడ్డ వచ్చెనో లేదో విచారింతము. బరువు పెరగలేదని తెలిసినచో తల్లిని నిందింపక, ఆమె పనులలో మనము పంచుకొనదగిన దేదియో యడుగుదము. పదిమంది చేతులలో ముందుగా చాచవలసినది మన చేయియే.