ఇంధనపు పాతర

చెరకు రసం నిలువ ఉండదు. గానుగాడిన కొద్ది గంటలకే పులిసిపోతుంది. ఆ రసాన్నే పెనంలో కాచి దిమ్మకట్టితే నెలల తరబడి చెడదు. చోడవరం సమీపంలోని వడ్డాది మొదలుకొని అనకాపల్లి వరకు గల పల్లెల్లో చెరకు పండించే ప్రతి రైతుకూ తెలిసిన సంగతి ఇది. విద్యుచ్ఛక్తి స్వభావం కూడా చెరకు రసం వంటిదే. అది పుట్టిన క్షణంలోనే వినియోగం కావాలి, లేదా మరొక రూపంలోకి మారాలి.

బొగ్గును మండించి విద్యుత్తును తయారుచేసినంత కాలం ఈ లక్షణం పెద్ద చిక్కు కాలేదు. అవసరమైనప్పుడు బొగ్గు వేయడం, లేనప్పుడు తగ్గించడం మనిషి చేతిలో పని. సూర్యుడు, గాలి అటువంటి ఆజ్ఞలకు లోబడవు. సౌరఫలకాలు మధ్యాహ్నం పుష్కలంగా విద్యుత్తు నిస్తాయి. దీపాలు వెలిగే వేళకు ఊరుకుంటాయి. ఆంధ్రదేశంలో గాలిమరలు నైరుతి ఋతుపవన కాలంలో జోరుగా తిరిగి, ఆ తరువాత మందగిస్తాయి. పగటి మిగులును రాత్రికి దాచడానికి బ్యాటరీలున్నాయి. దిగువ నీటిని తిరిగి ఎగువ జలాశయానికి తోడే శ్రీశైలం ఎడమగట్టు కేంద్రం వంటివి ఉన్నాయి. కాని ఒక ఋతువులో మిగిలినదాన్ని మరొక ఋతువుకు దాచడం వీటికి శక్తికి మించిన పని. ఇక్కడే ఉదజని ప్రసక్తి వస్తుంది.

ఉదజని అంటే హైడ్రోజన్. ‘ఉద’ అనగా నీరు; నీటితో సంబంధమున్న వాయువు కనుక ఆ పేరు. నీటిలో విద్యుత్తును ప్రవహింపజేస్తే అది ఉదజనిగా, ఆమ్లజనిగా విడిపోతుంది. ఆ విద్యుత్తు సూర్యరశ్మి నుంచి, గాలి నుంచి వచ్చినదైతే లభించిన వాయువును హరిత హైడ్రోజన్ అంటారు. వాయువుకు రంగేమీ లేదు. పచ్చదనమంతా దాని పుట్టుకలోనే ఉన్నది. ఒక కిలో హైడ్రోజన్ తయారీకి సుమారు 50 యూనిట్ల విద్యుత్తు ఖర్చవుతుంది. దానిని తిరిగి విద్యుత్తుగా మార్చేసరికి మొదట పెట్టిన శక్తిలో మూడింట ఒక వంతు, మహా అయితే ఐదింట రెండు వంతులు చేతికి వస్తుంది. బెల్లం కాచడానికీ పొయ్యిలో మంట కావాలి కదా! కనుక ఏ పూటకాపూట అవసరాలకు ఈ మార్గం తగదు. ఎరువులు, ఉక్కు తయారీ వంటి పరిశ్రమలకూ, దీర్ఘకాలపు నిలువకూ మాత్రమే ఇది సార్థకం.

భారత ప్రభుత్వం 2023 జనవరిలో 19,744 కోట్ల రూపాయలతో జాతీయ హరిత హైడ్రోజన్ మిషన్‌ను ఆమోదించింది. 2025 జనవరి 8న అనకాపల్లి జిల్లా అచ్యుతాపురం మండలం పూడిమడక వద్ద ఎన్.టి.పి.సి. సంస్థకు చెందిన హరిత హైడ్రోజన్ కేంద్రానికి ప్రధానమంత్రి శంకుస్థాపన చేశారు. రోజుకు 1,500 టన్నుల హైడ్రోజన్‌ను ఉత్పత్తి చేయడం దాని లక్ష్యం. అందులో చాలా భాగాన్ని మిథనాల్, యూరియా, విమాన ఇంధనం వంటి పదార్థాలుగా మార్చి ఎగుమతి చేయాలన్నది ప్రణాళిక.

హైడ్రోజన్‌ను హైడ్రోజన్‌గానే దాచదలిస్తే దాని తేలికదనమే ఆటంకమవుతుంది. బరువును బట్టి చూస్తే పెట్రోలుకు దాదాపు మూడింతల శక్తి గల ఈ వాయువు, మామూలు పీడనంలో ఒక కిలోకు పదకొండు ఘనపు మీటర్లకు పైగా చోటు ఆక్రమిస్తుంది. ద్రవంగా మార్చాలంటే సున్నాకు దిగువన 253 డిగ్రీల వరకు చల్లబరచాలి. ఉక్కు తొట్లలో అదిమి ఉంచవచ్చును గాని, వేల టన్నులకు ఎన్ని తొట్లు కావాలి? పూర్వం తెలుగు రైతు ధాన్యాన్ని గాదెలో పట్టనప్పుడు పాతరలో పోసి భూమికి అప్పగించేవాడు. నేటి శాస్త్రజ్ఞులు వెదకుతున్నదీ అటువంటి పాతరనే.

ఇందుకు అత్యంత అనువైనది భూగర్భంలోని ఉప్పు. మందమైన ఉప్పు పొరలోనికి నీటిని పంపి, కరిగిన ఉప్పును బయటికి తోడితే గుహ ఏర్పడుతుంది. ఉప్పు గోడల నుంచి వాయువు దాదాపుగా చొరబడదు. ఇంగ్లండులోని టీసైడ్‌లో 1972 నుంచి ఇటువంటి గుహల్లో హైడ్రోజన్‌ను నిలువ చేస్తున్నారు. మనదేశంలో భూగర్భపు ఉప్పు పొరలు రాజస్థాన్‌లోని బికనీరు ప్రాంతంలో ఉన్నాయి. తూర్పు కనుమల అడుగున ఉన్నది ఉప్పు కాదు. ఖోండలైట్, చార్నోకైట్ అనే కఠిన శిలలు.

శిల కఠినమైనదని విశాఖపట్నం వెనుకాడలేదు. డాల్ఫిన్ నోస్ కొండ పరిసరాల్లో వంటగ్యాసును దాచే 60,000 టన్నుల గుహ 2007లో సిద్ధమైంది. 2015 నాటికి 13.3 లక్షల టన్నుల ముడిచమురును దాచే గుహలు కూడా తయారైనాయి. వీటి గోడలకు ఉక్కు తొడుగు లేదు. శిలలోని పగుళ్ళ నిండా నీరుంటుంది. ఆ నీటి పీడనం లోపలి సరుకు పీడనం కంటె ఎక్కువగా ఉన్నంతకాలం సరుకు బయటికి రాజాలదు. లోనికి ఊరిన నీటిని తోడివేస్తారు. నీరే తాళమన్నమాట.

హైడ్రోజన్‌కు ఈ తాళం చాలదు. పది మీటర్ల నీరు ఇంచుమించు ఒక వాతావరణ పీడనానికి సమానం. హైడ్రోజన్‌ను లాభసాటిగా దాచాలంటే నూరు వాతావరణాల పీడనమైనా అవసరం; దానిని నీటితోనే నిలువరించాలంటే కిలోమీటరు లోతుకు తవ్వాలి. స్వీడన్‌లోని లూలియో నగరంలో 2022లో ప్రారంభమైన ప్రయోగశాల గుహ వేరొక దారి చూపింది. ముప్పై మీటర్ల లోతున, నూరు ఘనపు మీటర్ల గుహకు లోపల ఉక్కు తొడుగు వేశారు. వాయువును ఉక్కు ఆపుతుంది, భారాన్ని శిల మోస్తుంది. విశాఖ శిలలకు ఇదే సరిపోయే పద్ధతి. అయినా లెక్క చూడక తప్పదు. లక్ష ఘనపు మీటర్ల గుహలో నూరు వాతావరణాల పీడనం వద్ద పట్టేది రమారమి 750 టన్నులు, అంటే పూడిమడకలో తలపెట్టిన ఉత్పత్తిలో సగం రోజుది! అందులోనూ పీడనం పడిపోకుండా కొంత వాయువును ఎప్పుడూ లోపలే వదలాలి. కృష్ణా-గోదావరి పరీవాహకంలో ఖాళీ అయిన సహజవాయువు పొరలు ఇంతకంటె ఎంతో విశాలమైనవి. అయితే అటువంటి పొరల్లో కొన్ని సూక్ష్మజీవులు హైడ్రోజన్‌ను తిని మీథేన్‌గా మార్చగలవు.

ప్రజలకు కలిగే మొదటి సందేహం ప్రమాదాన్ని గురించి. అది సహజం. 1997 సెప్టెంబరు 14న విశాఖ చమురుశుద్ధి కర్మాగారంలో నేలపై నున్న వంటగ్యాసు నిలువలకు నిప్పంటుకొని యాభై మందికి పైగా మరణించారు. హైడ్రోజన్ మంట పగటివేళ కంటికి సరిగా కనిపించదు. గాలిలో నాలుగు శాతం కలిసినా అంటుకుంటుంది. భూగర్భ గుహలో గాలి లేదు కనుక అక్కడ అది మండదు. జాగ్రత్త పడవలసింది గుహ నోటి వద్ద, గొట్టాల వద్ద, ఉక్కును క్రమంగా పెళుసుబార్చే ఆ వాయువు గుణం వద్ద.

రెండవ సందేహం నీటిది. కిలో హైడ్రోజన్‌లో చేరేది తొమ్మిది లీటర్ల నీరు. 1,500 టన్నులకు రోజుకు 1 కోటి 35 లక్షల లీటర్లు. చల్లబరచడానికి, శుద్ధికి అయ్యేది అదనం. ఇది వడ్డాది వంటి ఊళ్ళ చెరకు తోటలకు పారే నీటిలోంచి రానక్కరలేదు. సముద్రపు నీటిలో ఉప్పును తొలగించడానికి వెయ్యి లీటర్లకు మూడు నాలుగు యూనిట్ల విద్యుత్తు చాలు. హైడ్రోజన్ తయారీ ఖర్చు ముందు అది లెక్కలోనిది కాదు. గుహ తవ్వకం మాట వేరు. తవ్వేటప్పుడు పగుళ్ళ గుండా ఊరే నీటిని తోడివేస్తే పైనున్న బావుల మట్టం తగ్గవచ్చు. అందుకే గుహకు చుట్టూ పరిశీలన బోర్లు వేసి, తవ్వకానికి ముందునుంచే నీటిమట్టాన్ని కొలిచి నమోదు చేస్తారు. ఆ పట్టికలు కర్మాగారపు కార్యాలయంలోనే గాక గ్రామ పంచాయతీలోనూ ఉండాలని కోరే హక్కు చుట్టుపట్ల రైతులకున్నది.