పప్పుల నిల్వకు గాలి చొరని డబ్బాలు: ఏది కొంటే గిట్టుబాటు?

కొత్త మినుములు, పెసలు, కందులు యార్డులకు దిగే రోజుల్లో ధర గురించి జరిగినంత చర్చ నిల్వ గురించి జరగదు. తొలకరి పడి, గిడ్డంగిలో గాలి చెమ్మగిల్లిన తర్వాత గాని ఆ సంగతి గుర్తుకు రాదు. అప్పటికి బస్తా అడుగున పిండి రాలుతూ ఉంటుంది. తూకంలో తరుగు ఒక నష్టమైతే, పుచ్చు సరుకు అంటగట్టాడన్న పేరు చిల్లర వర్తకునికి అంతకంటె పెద్ద నష్టం. గాలి చొరని డబ్బాలు, డ్రమ్ములు, సంచులు ఇప్పుడు అన్ని ధరల్లోనూ బజారులో ఉన్నాయి. అయితే వీటిలో ఏది కొనాలో ధర చూసి తేల్చుకుంటే పొరపాటే అవుతుంది.

ముందుగా పురుగు సంగతి తెలుసుకోవలసి ఉంది. పెసలు, అలసందలు, శనగలు, కందులను పట్టే పుచ్చు పురుగు చాలావరకు పొలం నుంచే గుడ్ల రూపంలో సరుకుతో పాటు వస్తుంది. మన ఎండలకు నెల రోజుల్లో ఒక తరం పూర్తవుతుంది. ఒక్కొక్క ఆడ పురుగు వంద దాకా గుడ్లు పెట్టగలదు. అంటే రెండు నెలల నిల్వకు రెండు తరాలన్నమాట. బయటి నుంచి పురుగు రాకుండా మూత పెట్టామని తృప్తిపడితే చాలదు. లోపల ఉన్నది బతకకుండా చేయాలి.

గాలి చొరని డబ్బా చేసే పని సరిగ్గా ఇదే. మామూలు గాలిలో ప్రాణవాయువు 21 శాతం ఉంటుంది. గట్టిగా మూసిన డబ్బాలో పురుగులే దాన్ని వాడుకుని తగ్గిస్తాయి. అది 5 శాతం కంటె దిగువకు పడిపోతే పురుగు తిండి మానేస్తుంది. గింజలోని ఆహారాన్ని ప్రాణవాయువుతో కరిగించుకుని పురుగు తన శరీరానికి కావలసిన నీటిని తయారు చేసుకుంటుంది. ఆ దారి మూసుకుపోవడంతో చివరకు ఎండిపోయి చస్తుంది. అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయానికి చెందిన కీటక శాస్త్రవేత్త లారీ మర్డాక్, ఆయన సహచరులు 1980ల చివర ఆఫ్రికాలోని కామెరూన్‌లో అలసందల నిల్వ కోసం మూడు పొరల సంచిని రూపొందించింది ఈ సూత్రం మీదనే. లోపల 80 మైక్రాన్ల మందం గల పాలిథీన్ సంచులు రెండు, పైన మామూలు నేత సంచి, అంతే. మందు లేదు, మాత్ర లేదు. మన దేశంలోనూ ఇటువంటి గాలి చొరని సంచులు అమ్మకానికి ఉన్నాయి.

దీన్నిబట్టి వర్తకులు గమనించవలసింది ఒకటుంది. రోజుకు పదిసార్లు మూత తీసే డబ్బా ఎంత ఖరీదైనదైనా పురుగును చంపదు. తీసినప్పుడల్లా కొత్త గాలి లోపలికి పోతుంది. చెమ్మను, బయటి పురుగును ఆపడం వరకే దాని ఉపయోగం. కనుక కౌంటరు మీద చిన్న డబ్బా, వెనుక గదిలో కదపకుండా ఉంచే డబ్బాలు వేరువేరుగా ఉండాలి. వెనుక ఉంచేవి ఒకే పెద్ద డ్రమ్ముగా కాక నాలుగైదు చిన్నవిగా ఉంటే మేలు. ఒకటి విప్పినా తక్కినవి మూసే ఉంటాయి. పైగా వాటిని అంచుదాకా నింపాలి. గింజల సందుల్లోనే డబ్బా పరిమాణంలో సుమారు 40 శాతం గాలి ఉంటుంది. సగం ఖాళీగా వదిలితే పురుగుకు మరి కొన్నాళ్ళు ఆయుష్షు పోసినట్లే.

సైజు విషయంలో మోసపోవడం సులభం. డబ్బాపై రాసేది లీటర్లు, మనం అమ్మేది కిలోలు. పప్పుధాన్యాలు లీటరుకు సుమారు 800 గ్రాములు పడతాయి. 15 కిలోల నూనె డబ్బా సైజులో పప్పు 13 కిలోలకు మించి పట్టదు. 50 కిలోల బస్తా దించుకోవాలంటే 60 లీటర్ల డ్రమ్ము చాలదు, కొద్దిగా మిగిలిపోతుంది. పిండి, కారం ఇంకా తేలిక. 5 కిలోల గోధుమ పిండికి దాదాపు 10 లీటర్ల డబ్బా కావాలి.

ఇక ధర. ఉదాహరణకు 8 కిలోలు పట్టే డబ్బా 250 రూపాయలకు కొంటే అయిదేళ్ళు మన్నిందనుకుందాం. కిలోకు నెలకు 52 పైసలు పడుతుంది. అదే సైజు డబ్బా 100 రూపాయలకే వచ్చి, ఏడాదికల్లా మూత పగిలిందనుకుంటే కిలోకు నెలకు రూపాయి 4 పైసలు. చవక సరుకు రెట్టింపు ఖరీదైంది. ఇందులో పుచ్చిన పప్పు ఖరీదు కలపనేలేదు.

అసలు డబ్బా కొనడమంటే మూతను కొనడమే అనుకోవచ్చు. దుకాణంలోనే పరీక్ష చేయవచ్చు. చిన్న కాగితపు ముక్కను అంచుమీద ఉంచి మూత బిగించి లాగాలి. కాగితం జారి వస్తే గాలీ వస్తుంది. చుట్టూ నాలుగు చోట్ల ఇలా చూడాలి. ఖాళీ డబ్బాను మూసి బకెట్టు నీళ్ళలో ముంచి నొక్కితే బుడగలు రాకూడదు. ఈ పరీక్షకు మన ఇళ్ళలోని నొక్కుడు మూత స్టీలు డబ్బాలు చాలావరకు నిలవవు. చూపుకు బాగుంటాయి, మన్నుతాయి కూడా, గాలిని మాత్రం ఆపవు. రబ్బరు రింగుతో మరమూత ఉన్న ప్లాస్టిక్ డబ్బా వాటికంటె తక్కువ ధరకు ఎక్కువ పని చేస్తుంది. గాజు, రేకు గోడల గుండా గాలి అసలు పోదు. పల్చని పాలిథీన్ గుండా మెల్లగా పోతుంది. వేరుశనగ, నువ్వుల వంటి నూనె సరుకు గాలికి, వెలుతురుకు చెడుతుంది కనుక వాటికి రేకు మంచిది. ఇంగువ, కారం పోసిన ప్లాస్టిక్ డబ్బాలో మళ్ళీ పంచదార పోయడం ఎవరూ చేయరాదు.

పాత డబ్బాల మోజు వర్తకుల్లో ఎక్కువ. ఒకసారి వాడిన రేకు డబ్బాలను ఆహార పదార్థాల ప్యాకింగుకు తిరిగి వాడరాదని భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ 2018 నిబంధనలు చెబుతున్నాయి. సెకండ్‌హ్యాండ్‌లో దొరికే నీలం డ్రమ్ముల్లో ముందు ఏ రసాయనం ఉన్నదో అమ్మేవానికే తెలియదు. ప్లాస్టిక్ దాన్ని పీల్చుకుని ఉంటుంది, కడిగితే పోదు.

సరుకు తడిగా ఉంటే ఎంత మంచి డబ్బా అయినా బూజుకు ఇల్లవుతుంది. గోనె సంచిలో ఆరిపోయే చెమ్మ ఇక్కడ లోపలే నిలిచిపోతుంది. పొడి సీసాలో గుప్పెడు గింజలు, కొంచెం పొడి ఉప్పు వేసి బాగా కుదిపి, పావుగంట ఆగి చూడాలి. గోడకు ఉప్పు అంటుకుంటే తేమ 15 శాతం దాటినట్లే, ఆ సరుకు మూయరాదు. అంటుకోకపోయినా పప్పుధాన్యాలకు 12 శాతం లోపు ఉండడమే క్షేమం, యార్డులో మీటరు మీద చూపించుకోవాలి. ఎండబెట్టిన గింజలు చల్లారిన తర్వాతే పోయాలి. పచ్చి వేపాకు వేసి మూత బిగించేవారు తెలియకుండానే చెమ్మను లోపల పెడుతున్నారు.

ప్రాణాలకు సంబంధించిన మాట ఒకటి చెప్పవలసి ఉంది. మూత గట్టిగా ఉంది కదా అని అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్ళలు డబ్బాల్లో, దుకాణం వెనుక గదుల్లో వేసేవారున్నారు. వాటి నుంచి వచ్చే ఫాస్ఫీన్ వాయువు పురుగుతో పాటు మనిషినీ చంపుతుంది. పక్క గదిలో నిద్రించేవారికీ ముప్పే. ప్రభుత్వ సంస్థలు, శిక్షణ పొందిన పురుగు నివారణ సిబ్బంది తప్ప ఇతరులు వాటిని వాడడం చట్టవిరుద్ధం. గాలి చొరని డబ్బా సరిగా మూస్తే ఆ బిళ్ళ అవసరమే రాదు.

బేగం బజారు వంటి చోట్ల టోకున కొనేవారు డబ్బాలతో పాటు విడి రబ్బరు రింగులు కూడా అడిగి తీసుకోవడం మంచిది. డబ్బా కంటె ముందు అరిగేది అవే. రింగు విడిగా దొరకని రకమైతే అయిదేళ్ళ లెక్క వేయకుండా, ఏడాది లెక్కనే ధర బేరమాడాలి.